తడి రోడ్డుపై కారు పట్టు

తడి రోడ్డుపై కారు పట్టు అనగా వర్షం కురిసినప్పుడు, లేదా రోడ్డు మీద నీరు, బురద చేరినప్పుడు కారు చక్రాలు జారకుండా రోడ్డును అంటిపెట్టుకొని ఉండే గుణం. డ్రైవరు కోరిన వైపుకు కారు తిరగడం, కోరిన చోట ఆగడం ఈ పట్టు మీదనే ఆధారపడి ఉంటాయి. ఇది ముఖ్యంగా రెండు అంశాలను బట్టి ఉంటుంది. మొదటిది టైర్ల స్థితి. రెండవది సస్పెన్షన్, అంటే స్ప్రింగులు, షాకబ్జర్లు, వాటికి సంబంధించిన కడ్డీలు కలిసిన అమరిక. వీటిని వానాకాలానికి అనువుగా సరిచూసుకొనే పద్ధతులను, వాటి వెనుకనున్న భౌతికశాస్త్ర సూత్రాలను గోదావరి డెల్టా రోడ్లను ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది.

గోదావరి డెల్టా రోడ్ల స్వభావం

ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 - 1852 మధ్య ఆనకట్ట నిర్మాణం జరిగిన తరువాత తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో కాలువల వ్యవస్థ విస్తరించింది. ఈ కాలువల గట్లే కాలక్రమంలో రోడ్లుగా మారాయి. కడియం, ద్వారపూడి, అనపర్తి మీదుగా సామర్లకోట వైపు వెళ్ళే కెనాల్ రోడ్డు ఇందుకు మంచి ఉదాహరణ. ఇటువంటి రోడ్లకు ఒక ప్రక్క కాలువ, మరొక ప్రక్క పల్లపు వరిచేలు ఉంటాయి. వెడల్పు తక్కువ. చాలా చోట్ల రక్షణ గోడ ఉండదు. మైదానంలోని విశాలమైన రోడ్డు మీద కారు నాలుగడుగులు జారితే పెద్దగా నష్టం జరగకపోవచ్చు. గట్టు రోడ్డు మీద ఆ నాలుగడుగులే కాలువలో పడటానికి సరిపోతాయి. కార్లు కాలువలోకి దూసుకుపోయిన వార్తలు డెల్టా పత్రికలలో తరచుగా కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి (ప్రస్తుత సంఖ్య 16, పూర్వపు సంఖ్య 5) రాజమండ్రి సమీపం నుండి జొన్నాడ, రావులపాలెం, సిద్ధాంతం, తణుకు మీదుగా సాగుతుంది. కత్తిపూడి నుండి కాకినాడ, అమలాపురం, రాజోలు, నరసాపురం మీదుగా ఒంగోలు చేరే రహదారి సంఖ్య 216 (పూర్వం 214). వీటిపై వేగం ఎక్కువ కనుక ఇక్కడ నీటిపొర వలన కలిగే ప్రమాదం ప్రధానమైనది. ఊళ్ళ మధ్యనున్న చిన్న రోడ్ల మీద మాత్రం బురదే అసలు సమస్య.

ఈ ప్రాంతంలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వర్షం పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల వలన, మిగిలినది అక్టోబరు, నవంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనాలు, తుపానుల వలన లభిస్తుంది. వర్షంతో బాటు రోడ్లను జారుడుగా చేసే స్థానిక కారణాలు మరికొన్ని ఉన్నాయి:

* దమ్ము చేసిన చేల నుండి ట్రాక్టర్లు రోడ్డెక్కినప్పుడు వాటి చక్రాల వెంట వచ్చే నల్లరేగడి, ఒండ్రు బురద. ఈ మట్టి తడిసినప్పుడు సబ్బు వలె జారుతుంది.
* భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాలలో చేపలు, రొయ్యలు రవాణా చేసే వాహనాల నుండి కారే నీరు. వాన లేని రోజున కూడా దీనివలన రోడ్డు తడిగా, జిడ్డుగా ఉంటుంది.
* కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, గడ్డి.
* వేసవి అంతా రోడ్డుపై పేరుకున్న దుమ్ము, నూనె చుక్కలు, టైర్ల రబ్బరు పొడి. తొలకరి జల్లు పడగానే ఇవన్నీ కలిసి పలుచని జిగురు పొరగా మారతాయి. గట్టి వాన ఒక గంట కురిసి కడిగివేసిన రోడ్డు కంటే, మొదటి పది నిమిషాల తుంపర పడిన రోడ్డే ఎక్కువ జారుతుంది.

పట్టు ఎందుకు తగ్గుతుంది

టైరుకు, రోడ్డుకు మధ్యనున్న ఘర్షణ వలననే కారు కదలడం, తిరగడం, ఆగడం సాధ్యమవుతాయి. ఘర్షణ ఎంత ఉన్నదో చెప్పే సంఖ్యను ఘర్షణ గుణకం అంటారు. మంచి తారు రోడ్డు పొడిగా ఉన్నప్పుడు ఇది సుమారు 0.7 నుండి 0.8 వరకు ఉంటుంది. తడిసినప్పుడు 0.4 నుండి 0.6 వరకు పడిపోతుంది. బురద పొర ఉన్నా, టైరు పూర్తిగా అరిగి ఉన్నా ఇంకా తగ్గుతుంది.

కారు బరువును మోసే భాగం చాలా చిన్నది. ఒక చక్రం మీద 300 కిలోల బరువు ఉండి, టైరులో 30 పి.ఎస్.ఐ. గాలి ఉంటే (అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోలు), రోడ్డును తాకే వైశాల్యం దాదాపు 140 చదరపు సెంటీమీటర్లు. ఇది ఒక అరచేయి అంత ఉంటుంది. కుటుంబమంతా ప్రయాణించే కారు నాలుగు అరచేతులంత జాగా మీద ఆధారపడి నడుస్తున్నదని గ్రహిస్తే టైర్ల ప్రాముఖ్యం తెలుస్తుంది.

బ్రేకు వేసిన తరువాత కారు ఆగడానికి పట్టే దూరం వేగం యొక్క వర్గానికి అనులోమంగాను, ఘర్షణ గుణకానికి విలోమంగాను ఉంటుంది. ఆ లెక్క ప్రకారం దూరాలు సుమారుగా ఇలా ఉంటాయి. డ్రైవరు తేరుకొని బ్రేకు మీద కాలు వేసే లోపు కారు పోయే దూరం ఇందులో చేర్చలేదు.

* గంటకు 40 కి.మీ. వేగం: గుణకం 0.7 అయితే 9 మీటర్లు, 0.4 అయితే 16 మీటర్లు, 0.2 అయితే 31 మీటర్లు
* గంటకు 60 కి.మీ. వేగం: 20 మీటర్లు, 35 మీటర్లు, 71 మీటర్లు
* గంటకు 80 కి.మీ. వేగం: 36 మీటర్లు, 63 మీటర్లు, 126 మీటర్లు

మలుపులలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 50 మీటర్ల వ్యాసార్ధం కల మలుపును పొడి రోడ్డుపై (0.7) గరిష్ఠంగా గంటకు 66 కి.మీ. వేగంతో దాటగల కారు, తడి రోడ్డుపై (0.4) 50 కి.మీ., బురద రోడ్డుపై (0.2) 35 కి.మీ. వేగంతో మాత్రమే దాటగలదు. ఇవి అంచుమీది లెక్కలు. సురక్షితమైన వేగం వీటికంటే బాగా తక్కువగా ఉండాలి.

టైరు నీటిపై తేలడం

రోడ్డు మీద నీటిపొర మందంగా ఉండి, కారు వేగంగా పోతున్నప్పుడు టైరు ముందు నీరు ఆప్ప చీలిక వలె చేరి, టైరును రోడ్డు నుండి పైకి లేపుతుంది. దీనిని ఆంగ్లంలో హైడ్రోప్లేనింగ్ అనీ, ఆక్వాప్లేనింగ్ అనీ అంటారు. అప్పుడు టైరు రోడ్డును తాకదు. స్టీరింగు ఒక్కసారిగా తేలికవుతుంది. బ్రేకు పనిచేయదు. ఆంటీలాక్ బ్రేకుల వంటి సాధనాలు కూడా ఈ స్థితిలో చేయగలిగినది చాలా తక్కువ. ఎందుకంటే అవి ఉన్న ఘర్షణను పొదుపుగా వాడగలవే కాని లేని ఘర్షణను సృష్టించలేవు.

విమానాలు తడి రన్‌వేలపై జారడాన్ని అధ్యయనం చేసిన అమెరికా సంస్థ నాసాకు చెందిన వాల్టర్ హార్న్, ఆయన సహచరులు 1960లలో దీనికొక సులభ సూత్రాన్ని ఇచ్చారు. టైరులోని గాలి పీడనం (పి.ఎస్.ఐ.లలో) యొక్క వర్గమూలాన్ని 16.7 తో గుణిస్తే టైరు నీటిపై తేలే వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. దాని ప్రకారం:

* 36 పి.ఎస్.ఐ. - గంటకు 100 కి.మీ.
* 30 పి.ఎస్.ఐ. - 91 కి.మీ.
* 25 పి.ఎస్.ఐ. - 83 కి.మీ.
* 20 పి.ఎస్.ఐ. - 75 కి.మీ.

ఈ సూత్రం గాడులు లేని నున్నని టైరుకు, లేదా గాడుల లోతును మించి నీరు నిలిచిన సందర్భానికి వర్తిస్తుంది. మంచి గాడులున్న టైరు పలుచని నీటిపొర మీద ఇంతకంటే ఎక్కువ వేగాన్ని తట్టుకుంటుంది. అయితే పూర్తిగా తేలడానికి ముందే, తక్కువ వేగం వద్దనే పట్టు క్రమంగా సడలుతూ వస్తుంది కనుక ఈ అంకెలను అనుమతించిన వేగాలుగా భావించరాదు.

నీటిపొర మందం రోడ్డు నిర్మాణంపై కూడా ఆధారపడుతుంది. నీరు ఇరువైపులకు జారిపోవడానికి రోడ్డు మధ్యభాగాన్ని కొద్దిగా ఎత్తుగా వేస్తారు. నూటికి రెండు వంతుల వాలు ఉన్నప్పుడు, 7 మీటర్ల వెడల్పు రోడ్డుకు మధ్యభాగం అంచుకంటే 7 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి. బరువైన లారీల చక్రాల జాడలో తారు అణగి గాళ్ళు పడితే ఈ వాలు పనిచేయక, సరిగ్గా చక్రాలు నడిచే చోటనే నీరు నిలుస్తుంది. అటువంటి జాడను తప్పించి కొద్దిగా ప్రక్కగా నడపడం మేలు.

టైర్లు

గాడుల లోతు

టైరు మీది గాడులు అందం కోసం ఉన్నవి కావు. అవి నీటిని బయటకు పంపే కాలువలు. 165 మి.మీ. వెడల్పు గల టైరు, 3 మి.మీ. నీటిపొర మీద, గంటకు 80 కి.మీ. వేగంతో పోతుంటే, తన దారిలోని సుమారు 11 లీటర్ల నీటిని ప్రతి సెకనుకు తొలగించవలసి ఉంటుంది. డెల్టాలో కాలువలు పూడుకుపోతే చేలు మునిగినట్లే, టైరు గాడులు అరిగిపోతే నీరు పోయే దారిలేక టైరు క్రిందనే నిలుస్తుంది.

క్రొత్త కారు టైరుకు సాధారణంగా 7 నుండి 8 మి.మీ. లోతు గాడులుంటాయి. భారతదేశంలో కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం కార్లకు కనీసం 1.6 మి.మీ. లోతు ఉండి తీరాలి. ఆ మట్టాన్ని చూపడానికి గాడుల అడుగున చిన్న రబ్బరు కట్టలు ఉంటాయి. టైరు ఉపరితలం అరిగి ఆ కట్టలతో సమానమైతే టైరు కాలం తీరినట్లే. కాని ఇది చట్టం విధించిన ఆఖరి హద్దు మాత్రమే. 3 మి.మీ. కంటే తగ్గినప్పటి నుండే తడి రోడ్డుపై ఆగే దూరం త్వరత్వరగా పెరుగుతుంది. కనుక మే నెలాఖరులో 3 మి.మీ. ఉన్న టైరును "ఈ వానాకాలం గడిచిపోతుందిలే" అని ఉంచుకోవడం మంచిది కాదు. పొడి రోడ్డుపై అరిగిన టైరు బాగానే పట్టుతుంది. అందువలన దాని లోపం వాన పడే వరకు తెలియదు.

రబ్బరు

మందమైన నీటిపొరను గాడులు తొలగించినా, చివరకు మిగిలే పలుచని తేమ మీద పట్టునిచ్చేది రబ్బరే. మెత్తని రబ్బరు రోడ్డులోని కంకర గరుకులో ఒదుగుతుంది. 1992లో మిషలిన్ సంస్థ రబ్బరులో మసితో బాటు సిలికాను కలిపిన టైర్లను ప్రవేశపెట్టిన తరువాత, ఇంధనాన్ని ఆదా చేస్తూనే తడిలో మంచి పట్టునిచ్చే టైర్లు వాడుకలోకి వచ్చాయి.

రబ్బరు వయస్సుతో గట్టిపడుతుంది. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెల సంఖ్య అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతుంది. ఉదాహరణకు 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. తక్కువగా తిరిగే కార్లకు గాడులు నిండుగా ఉన్నా, ఆరేళ్ళు దాటిన టైర్లను నిపుణునిచే పరీక్ష చేయించాలి. ప్రక్కలలో సన్నని పగుళ్ళు కనిపిస్తే మార్చివేయాలి. ఏళ్ళ తరబడి డిక్కీలో ఉన్న స్టెప్నీకి కూడా ఇదే నియమం.

గాలి పీడనం

వానాకాలంలో టైర్లలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందనే నమ్మకం విస్తారంగా ఉన్నది. ఇసుకలోను, మెత్తని చేలగట్టు మీదను ఇది కొంతవరకు నిజం. తారు రోడ్డుపై మాత్రం ఫలితం తలక్రిందులవుతుంది. గాలి తగ్గితే టైరు మధ్యభాగం లోపలికి వంగి గాడులు మూసుకుపోతాయి. పైన చెప్పిన సూత్రం ప్రకారం తేలే వేగం కూడా తగ్గుతుంది. అవసరానికి మించి గాలి కొట్టినా టైరు మధ్యభాగం మాత్రమే రోడ్డును తాకి పట్టు తగ్గుతుంది. డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన చీటీలో కారు తయారీదారులు సూచించిన పీడనమే సరైనది. నిండు బరువుకు వేరే అంకె ఇచ్చినట్లయితే, కుటుంబమంతా సామానుతో ప్రయాణించేటప్పుడు దానిని పాటించాలి.

గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఉష్ణోగ్రత 5 - 6 డిగ్రీలు మారితే పీడనం సుమారు 1 పి.ఎస్.ఐ. మారుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నపు ఎండలో సరిపెట్టిన గాలి, జూలై ముసురులో రెండు మూడు పి.ఎస్.ఐ.లు తక్కువగా ఉండటం సహజం. కనుక వానలు మొదలవగానే ఒకసారి, తరువాత పదిహేను రోజులకొకసారి సరిచూడాలి.

వెడల్పు

అందం కోసం కారుకు వెడల్పైన టైర్లు వేయించడం పరిపాటి అయినది. పొడి రోడ్డుపై వీటివలన కొంత లాభమున్నా, వెడల్పు టైరు ఎక్కువ నీటిని ఎదుర్కోవలసి ఉంటుంది. పైగా రోడ్డును తాకే భాగం అడ్డంగా పొడవై, నిలువుగా పొట్టిదవుతుంది కనుక నీరు బయటకు పోవడానికి వ్యవధి చాలదు. వానాకాలపు డెల్టా రోడ్లకు తయారీదారులు ఇచ్చిన కొలతనే ఉంచడం మంచిది.

క్రొత్త టైర్లు ఏ చక్రాలకు?

రెండు టైర్లే కొనగలిగినప్పుడు వాటిని ముందు చక్రాలకు వేయడం మన వైపు అలవాటు. ముందు చక్రాలే కారును లాగుతాయి, తిప్పుతాయి కనుక ఇది సబబుగానే తోస్తుంది. కాని టైరు తయారీదారులు క్రొత్త జత వెనుక చక్రాలకే వేయాలని సూచిస్తారు. ముందు చక్రాలు పట్టు తప్పితే కారు మలుపులో తిరగక తిన్నగా పోతుంది. యాక్సిలరేటరు వదలి వేగం తగ్గిస్తే చాలావరకు తిరిగి పట్టు దొరుకుతుంది. వెనుక చక్రాలు పట్టు తప్పితే కారు బొంగరంలా తిరుగుతుంది. దానిని అదుపు చేయడం ఆరితేరిన డ్రైవర్లకు కూడా కష్టం. గట్టు రోడ్డు మీద కారు తిరగడానికి జాగా కూడా ఉండదు.

సస్పెన్షన్

భాగాలు

స్ప్రింగులు బరువును మోస్తాయి, గతుకులను మింగుతాయి. షాకబ్జర్లు స్ప్రింగు ఊగిసలాటను అణచివేస్తాయి. కారు అడుగున అడ్డంగా ఉండే యాంటీరోల్ కడ్డీ మలుపులలో కారు ఒక ప్రక్కకు ఒరగడాన్ని తగ్గిస్తుంది. ఒకనాడు డెల్టా రోడ్లన్నిటా కనిపించిన అంబాసిడరు కారుకు వెనుక కమాను కట్టలుండేవి. మహీంద్రా బొలేరో వంటి వాహనాలు ఇదే పద్ధతిని కొనసాగించాయి. నేటి చిన్న కార్లలో ఎక్కువ భాగం చుట్ట స్ప్రింగులు గలవే.

స్ప్రింగు బిరుసు

స్ప్రింగును ఒక సెంటీమీటరు నొక్కడానికి కావలసిన బలాన్ని దాని బిరుసు అంటారు. చుట్ట స్ప్రింగు బిరుసు తీగ వ్యాసం యొక్క నాలుగవ ఘాతానికి అనులోమంగాను, చుట్ల సంఖ్యకు విలోమంగాను ఉంటుంది. ఆరు చుట్ల స్ప్రింగులో ఒక చుట్టు కోసివేస్తే అది 20 శాతం బిరుసెక్కుతుంది.

కారు సెకనుకు ఎన్నిసార్లు పైకీ క్రిందికీ ఊగుతుందో బట్టి దాని మెత్తదనాన్ని అంచనా వేస్తారు. కారు బరువు వలన స్ప్రింగు 25 సెం.మీ. కుంగితే సెకనుకు ఒకసారి, 11 సెం.మీ. కుంగితే ఒకటిన్నర సార్లు, 6 సెం.మీ. మాత్రమే కుంగితే రెండుసార్లు ఊగుతుంది. సాధారణ కార్లు సెకనుకు 1 నుండి 1.5 సార్లు ఊగేటట్లు రూపొందిస్తారు. క్రీడా కార్లలో ఇది ఇంకా ఎక్కువగా ఉంటుంది.

తడి రోడ్డుపై మెత్తని స్ప్రింగు మేలు చేయడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది, చక్రం మీది బరువు నిలకడ. టైరు పట్టు ఏ క్షణానికి ఆ క్షణం దాని మీదనున్న బరువును బట్టి ఉంటుంది. బిరుసు స్ప్రింగు గల కారు గతుకు దాటినప్పుడు చక్రం మీది బరువు ఒక్కసారి పెరిగి, మరుక్షణం బాగా తగ్గుతుంది. బరువు తగ్గిన ఆ క్షణంలో నీరు తిరిగి టైరు క్రిందకు చేరుతుంది. మెత్తని స్ప్రింగు చక్రాన్ని రోడ్డు వంపుల వెంట నడిపించి ఈ హెచ్చుతగ్గులను తగ్గిస్తుంది.

రెండవది, బరువు బదిలీ. మలుపులో కారు బరువు లోపలి చక్రాల నుండి బయటి చక్రాలకు కొంత మారుతుంది. 1000 కిలోల కారు, గురుత్వ కేంద్రం 55 సెం.మీ. ఎత్తున, చక్రాల మధ్య దూరం 140 సెం.మీ.గా ఉన్నదనుకుందాం. పొడి రోడ్డుపై గరిష్ఠ వేగంతో (0.7) మలుపు తిరిగితే 275 కిలోలు, తడి రోడ్డుపై (0.4) 157 కిలోలు మాత్రమే మారుతాయి. అంటే తడి రోడ్డుపై కారు పొడి రోడ్డుపై ఒరిగినంతగా ఎన్నడూ ఒరగదు. అంతటి ఒరుగును ఆపడానికి ఉద్దేశించిన బిరుసు అక్కడ అవసరం లేదు.

అలాగని స్ప్రింగు ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదని భావించరాదు. అతి మెత్తని కారు గోతిలో అడుగు తాకుతుంది. ఎదురుగా గేదె వచ్చినప్పుడు స్టీరింగు ఒక్కసారి తిప్పితే ఆలస్యంగా ఒరిగి, తిరిగి రెండవ వైపుకు ఊగుతుంది. తయారీదారులు ఈ రెండింటి మధ్య సమతూకం చూసి ఎంచిన స్ప్రింగులనే మంచి స్థితిలో ఉంచుకోవడం సాధారణ వాహనదారునికి ఉత్తమం.

ముందు వెనుకల సమతూకం

మొత్తం బరువు బదిలీ స్ప్రింగుల మీద కాక, కారు బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య దూరాల మీద ఆధారపడుతుంది. అయితే అందులో ముందు ఇరుసు వాటా ఎంత, వెనుక ఇరుసు వాటా ఎంత అన్నది స్ప్రింగులు, యాంటీరోల్ కడ్డీల బిరుసు నిర్ణయిస్తుంది. బిరుసైన ఇరుసు ఎక్కువ వాటా తీసుకుంటుంది. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కొంత తక్కువే పెరుగుతుంది. కనుక ఎక్కువ బదిలీ జరిగిన ఇరుసు తన పట్టులో కొంత కోల్పోతుంది.

దీనిని బట్టి, వెనుక స్ప్రింగులు మాత్రమే బిరుసు చేసిన కారుకు తడి మలుపులో వెనుక భాగం ముందుగా జారుతుంది. బరువులు మోయడం కోసం వెనుక కమానుకు అదనపు పట్టీలు వేయించిన వాహనం ఖాళీగా తిరుగుతున్నప్పుడు ఈ ప్రమాదం అధికం.

రబ్బరు బఫర్లు

స్పీడు బ్రేకర్లకు కారు అడుగు తగులుతున్నదని చుట్ట స్ప్రింగు మధ్య రబ్బరు బఫర్లు బిగించడం మన ప్రాంతంలో సాధారణమైనది. బఫరు కొన్ని చుట్లను పనిచేయనీయదు కనుక స్ప్రింగు బిరుసెక్కుతుంది. కారు ఎత్తు పెరిగి గురుత్వ కేంద్రం పైకి పోతుంది. షాకబ్జరు మాత్రం పాత స్ప్రింగుకు తగినదే ఉంటుంది. ఈ మూడూ తడి రోడ్డుపై పట్టును తగ్గించేవే. స్ప్రింగు కుంగిపోయినట్లయితే దానిని మార్చడమే సరైన పరిష్కారం.

షాకబ్జర్లు

షాకబ్జరు అరిగితే గతుకు దాటిన చక్రం బంతి వలె ఎగిరెగిరి పడుతుంది. గాలిలో ఉన్నంతసేపు దానికి పట్టు ఉండదు. షాకబ్జర్ల లోపం నెమ్మదిగా పెరుగుతుంది కనుక రోజూ నడిపేవారు గమనించలేరు. గుర్తించే విధానాలు:

* కారు మూలను గట్టిగా నొక్కి వదలాలి. ఒకసారి పైకి లేచి నిలిస్తే మంచిది. రెండు మూడు సార్లు ఊగితే అరిగినట్లు. ఇది స్థూలమైన పరీక్ష మాత్రమే.
* షాకబ్జరు గొట్టం మీద నూనె కారిన జాడ ఉన్నదేమో చూడాలి.
* టైరు చుట్టూ చేతితో తడిమితే అక్కడక్కడ పల్లాలు తగలడం.
* బ్రేకు వేసినప్పుడు కారు ముక్కు బాగా క్రిందికి దిగడం.

షాకబ్జర్లను ఎల్లప్పుడూ ఒకే ఇరుసుకు జతగా మార్చాలి. బిరుసును మార్చే వీలున్న షాకబ్జర్లు అమర్చుకున్నవారు వానాకాలంలో ఒకటి రెండు మెట్లు మెత్తగా పెట్టుకోవచ్చు. రెండు ప్రక్కలా ఒకే విధంగా, ఒక్కొక్క మెట్టు చొప్పున మార్చి పరిశీలించాలి.

చక్రాల అమరిక

పెద్ద గోతిలో పడిన తరువాత చక్రాల కోణాలు తప్పుతాయి. కోణం తప్పిన చక్రం ఎప్పుడూ కొద్దిగా అడ్డంగా రాసుకుంటూ నడుస్తుంది. పొడి రోడ్డుపై టైరు ఒక అంచున అరగడం తప్ప వేరే నష్టం కనిపించదు. తడి రోడ్డుపై బ్రేకు వేసినప్పుడు మాత్రం కారు ఒక ప్రక్కకు లాగుతుంది. వానలకు ముందు ఒకసారి, వానలు వెళ్ళి రోడ్ల గోతులు పూడ్చిన తరువాత మరొకసారి అలైన్మెంటు చేయించడం మంచిది.

పందెపు కార్లలో

పందెపు కార్లు పొడి రోడ్డుపై గాడులు లేని నున్నని టైర్లను వాడతాయి. వర్షం వస్తే గాడుల టైర్లకు మారతాయి. పిరెల్లీ సంస్థ ప్రకటన ప్రకారం ఫార్ములా వన్ వర్షపు టైరు గంటకు 300 కి.మీ. వేగం వద్ద సెకనుకు 85 లీటర్ల వరకు నీటిని తొలగించగలదు. వాన పందెంలో స్ప్రింగులు, యాంటీరోల్ కడ్డీలు మెత్తబరచడం, కారు ఎత్తును కొద్దిగా పెంచడం ఆనవాయితీ. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఈ పందెంలోని విద్యుత్ కార్లు తడికీ, పొడికీ పనికివచ్చే ఒకే రకం గాడుల టైర్లను వాడాయి. సాధారణ కార్ల టైర్లు కూడా ఈ రాజీ సూత్రం మీదనే తయారవుతాయి.

సరిచూడవలసిన క్రమం

ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ అయినవాటితో మొదలుపెట్టడం ఉత్తమం.

1. గాలి పీడనం. దాదాపు ఖర్చు లేనిది.
2. గాడుల లోతు, రబ్బరు వయస్సు. లోతు ఎక్కువ ఉన్న జతను వెనుక ఉంచడం.
3. అలైన్మెంటు.
4. షాకబ్జర్లు, వాటి రబ్బరు బుష్‌లు.
5. రబ్బరు బఫర్లు, అదనపు కమాను పట్టీలు ఉంటే తొలగించడం.
6. చివరగా మాత్రమే స్ప్రింగుల, కడ్డీల బిరుసు మార్పు. ఇది అనుభవజ్ఞుల పర్యవేక్షణలో జరగాలి.

అరిగిన టైర్లతో సస్పెన్షన్‌ను ఎంత సరిచేసినా ఫలితం ఉండదు.

చట్టం, ప్రమాణాలు

భారతదేశంలో 2019 ఏప్రిల్ నుండి అమ్మే క్రొత్త కార్లన్నిటికీ ఆంటీలాక్ బ్రేకులు తప్పనిసరి. టైర్ల తడిపట్టు, దొర్లుడు నిరోధం, శబ్దాలకు కనీస ప్రమాణాలను కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ 2022లో ప్రకటించింది. ఇవి క్రొత్త నమూనా టైర్లకు 2022 అక్టోబరు నుండి, అప్పటికే ఉన్న నమూనాలకు 2023 ఏప్రిల్ నుండి వర్తించాయి. తెలుగు రాష్ట్రాలలో సదాశివపేట వద్ద ఎమ్మారెఫ్, తిరుపతి జిల్లా చినపాండూరు వద్ద అపోలో సంస్థల టైర్ల కర్మాగారాలు ఉన్నాయి.

పరిమితులు

ఏ సర్దుబాటు అయినా ఘర్షణ నియమాలను మార్చలేదు. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా తడి రోడ్డుపై కారు పొడి రోడ్డుపై ఆగినంత త్వరగా ఆగదు. కనుక వేగాన్ని తగ్గించడం, ముందు వాహనానికి రెట్టింపు దూరం పాటించడం తప్పనిసరి. టైరు నీటిపై తేలినట్లు అనిపిస్తే గట్టిగా బ్రేకు వేయక, స్టీరింగును తిన్నగా పట్టుకొని, యాక్సిలరేటరును మెల్లగా వదలాలి.

పారే నీటి విషయంలో టైర్లకూ, సస్పెన్షన్‌కూ పాత్ర లేదు. 30 సెంటీమీటర్ల లోతు నీరు చిన్న కారును తేల్చగలదు. 60 సెంటీమీటర్ల ప్రవాహం చాలా వాహనాలను కొట్టుకొనిపోగలదు. గోదావరికి వరద వచ్చినప్పుడు కోనసీమలోని కనకాయలంక వంటి కాజ్‌వేలు నీట మునుగుతాయి. అటువంటప్పుడు నీటి అడుగున రోడ్డు ఉన్నదో, కోసుకుపోయినదో పైకి తెలియదు. పడవ మీద వెళ్ళడమో, వరద తగ్గేవరకు ఆగడమో తప్ప కారుతో దాటే ప్రయత్నం చేయరాదు.

ఇవి కూడా చూడండి

* ఘర్షణ
* టైరు
* గురుత్వ కేంద్రం
* ధవళేశ్వరం ఆనకట్ట
* కోనసీమ
* జాతీయ రహదారి 16
* జాతీయ రహదారి 216